రేడియేషన్ వార్త రాసినప్పుడు మోతాదు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారాలు.

మా అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దాయన గొంతు క్యాన్సరుకు ఆరు వారాలకు పైగా కరెంటు పెట్టించుకొని క్రితం నెలలో ఇంటికి తిరిగి వచ్చారు. రేడియేషన్ చికిత్సను మన వైపు ఇప్పటికీ కరెంటు పెట్టడమనే అంటారు. ఆయన వచ్చిన మర్నాటి నుంచి, ఆయన లిఫ్టులో ఉంటే మిగతావారు మెట్లెక్కి పోవడం, ఆ గుమ్మం ముందు ఆడుకునే పిల్లలను తల్లులు లోపలికి పిలుచుకోవడం నా కళ్లతో చూశాను. నాలుగో రోజు సాయంత్రం ఆయన భార్య మా ఇంటికి వచ్చి, కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చొని, "అన్నయ్యగారూ, ఈయన ఒంట్లోంచి నిజంగా కిరణాలు వస్తాయా? మనవరాలిని ఎత్తుకుంటానంటున్నారు, కోడలు భయపడుతోంది, ఏం చెప్పమంటారు?" అని అడిగారు.

ఈ విశాఖపట్నంలోనే ఒక వైద్య ప్రయోగశాలలో 31 సంవత్సరాల పాటు రక్తకణాల్లోని క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టడమే వృత్తిగా బతికి, పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ఆమెకు వెంటనే జవాబు చెప్పగలిగాను. బయటి నుంచి యంత్రంతో పెట్టే కరెంటు యంత్రం ఆపిన క్షణంలోనే ఆగిపోతుంది. దీపం ఆర్పిన గదిలో వెలుతురు మిగలనట్టే ఆయన ఒంట్లో కిరణమేదీ మిగలదు. మనవరాలిని నిరభ్యంతరంగా ఎత్తుకోవచ్చు. థైరాయిడ్ క్యాన్సరుకు అయోడిన్-131 మందు లోపలికి ఇచ్చినప్పుడు మాత్రం సంగతి వేరు. ఆ మందు ఒంట్లో ఉన్నన్నాళ్లూ కిరణాలు వెలువరిస్తుంది, ప్రతి 8 రోజులకూ దాని బలం సగానికి తగ్గుతుంది, అందుకే ఆ రోగులను ఆసుపత్రివారే కొన్ని రోజులు విడిగా ఉంచి, ఇంటికి పంపేటప్పుడు పసిపిల్లలకూ గర్భిణులకూ ఎన్నాళ్లు దూరంగా ఉండాలో చెప్పి పంపుతారు. మా పెద్దాయనకు ఇచ్చింది అది కాదు.

ఆమె కళ్లు తుడుచుకొని వెళ్లిపోయారు కానీ నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఆయనను చూసి మెట్లెక్కిపోయిన వారిలో ఒకరు, తలనొప్పి వచ్చిందని డాక్టరును కూడా అడగకుండా తన పన్నెండేళ్ల కొడుక్కి ఏడాదిలో రెండుసార్లు సీటీ స్కాన్ తీయించారు, అదీ కిరణాలతో తీసేదే. భయపడవలసిన చోట భయం లేదు, అక్కర్లేని చోట అది ఒక మనిషిని వెలివేసేదాకా పోయింది. ఇందులో వార్తాపత్రికలకు కూడా కొంత బాధ్యత ఉందని నేను నమ్ముతున్నాను. రేడియేషన్ అనే మాట శీర్షికలో పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది కానీ ఎంత, ఏ రకం, ఎంతసేపు, ఒళ్లంతటికా ఒక్క భాగానికా అన్న నాలుగు సంగతులు లోపల వెతికినా దొరకవు. అవి లేకుండా ఆ వార్తకు అర్థమే లేదని చెప్పాలంటే, కిరణం తగిలినప్పుడు కణంలో ఏం జరుగుతుందో చెప్పాలి. అందుకు కొంచెం చోటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు ఉంటాయి, తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23. (ఆ సంఖ్య 46 అని కచ్చితంగా తేలింది 1956లోనే, అంతకుముందు మూడు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలన్నీ 48 అని చెప్పేవి.) వాటిలోని డీఎన్ఏ పోగులన్నిటినీ చివర్లు కలిపి సాగదీస్తే రెండు మీటర్ల పొడవు, అంటే ఆరడుగుల మనిషి కంటే ఎక్కువ ఉంటుంది. ఆ పొడవంతా మిల్లీమీటరులో వందో వంతుకు మించని కేంద్రకంలో మడతలు పడి ఇమిడి ఉంటుంది. డీఎన్ఏ రెండు పేటల తాడు. ఒక పేటలో ఏ అక్షరం, అంటే రసాయన భాగం, ఉంటే దానికి ఎదురుగా రెండో పేటలో దాని జత అక్షరం ఉంటుంది కనుక, ఒక పేట చెడినా రెండో పేటను చూసి దాన్ని తిరిగి రాసుకోవచ్చు. జీవకణానికి ఉన్న గొప్ప రక్షణ ఇదే. ఎక్స్‌రేలూ గామా కిరణాలూ ఈ రక్షణనే దెబ్బతీస్తాయి.

ఒక లెక్క చెబితే ఆశ్చర్యం కలుగుతుంది. ఒక కిలో పదార్థంలో ఒక జౌలు శక్తి చేరితే ఆ మోతాదును ఒక గ్రే అంటారు. ఒళ్లంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు తగిలితే, వైద్యం అందనప్పుడు సుమారు సగం మంది కొన్ని వారాల్లో చనిపోతారు. 70 కిలోల మనిషికి ఆ 4 గ్రేలతో అందే శక్తి మొత్తం 280 జౌళ్లు. దానితో శరీరపు వేడి పెరిగేది ఒక డిగ్రీలో సుమారు వెయ్యో వంతు మాత్రమే. మనం తాగే ఒక గుక్క వేడి టీ ఒంటికి ఇచ్చే వేడి అంతకు అయిదారు రెట్లు ఉంటుంది. టీ గుక్క ఏ హానీ చేయదు, కిరణం ప్రాణం తీస్తుంది. తేడా ఆ శక్తి పంపకంలో ఉంది. టీలోని వేడి కోటానుకోట్ల అణువులకు తలా కాస్త పంచబడి అన్నిటినీ కొంచెం కొంచెం కదిలిస్తుంది, దేనినీ విరవదు. కిరణం మాత్రం తన దారిలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఎలక్ట్రాన్లను ఊడగొట్టి, అవి ఆగిపోయే చివరి మజిలీల్లో, మిల్లీమీటరులో కొన్ని లక్షల వంతుల చోటులో, శక్తినంతా ఒక్కచోట కుమ్మరిస్తుంది. ఆ చోటులో డీఎన్ఏ ఉంటే పేటలు తెగుతాయి.

డీఎన్ఏకు నేరుగా తగలనక్కరలేదు. కణంలో ఎక్కువ భాగం నీరే కనుక కిరణం నీటి అణువును చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్ అనే, దేనితోనైనా కలిసిపోయే ముక్కను పుట్టిస్తుంది. సెకనులో కోట్ల వంతు కాలమే బతికే ఆ ముక్క తన పక్కనున్న డీఎన్ఏను కొరుకుతుంది. ఎక్స్‌రేల వల్ల జరిగే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఇలా నీటి గుండా జరిగేదే. ఒక గ్రే మోతాదు తగిలిన ఒక్కొక్క కణంలో సుమారు వెయ్యి చోట్ల ఒక పేట తెగుతుంది, సుమారు 40 చోట్ల రెండు పేటలూ ఎదురెదురుగా తెగుతాయి. ఆ వెయ్యి చోట్ల తెగడం పెద్ద లెక్కలోకి రాదు; మనం ఊపిరి పీలుస్తూ, అన్నం తింటూ బతుకుతున్నందుకే ప్రతి కణంలోనూ రోజూ అటువంటివి వేల సంఖ్యలో జరుగుతూనే ఉంటాయి, కణం వాటిని సరిచేసుకుంటూనే ఉంటుంది. అసలు ప్రమాదం ఆ 40లో ఉంది. రెండు పేటలూ తెగిన చోట చూసి రాసుకోవడానికి ఎదుటి పేట ఉండదు, క్రోమోజోమే రెండు ముక్కలవుతుంది.

మన ఫిషింగ్ హార్బరులో పొద్దున్నే చింపుకొచ్చిన వలలను ముందేసుకొని కూర్చొని కుట్టేవారిని చూసే ఉంటారు. ఒక కన్ను తెగితే చుట్టూ ఉన్న కళ్లను చూసి అల్లేస్తారు, కుట్టిన జాడ కూడా తెలియదు. రెండు వలలు నిలువునా చిరిగి ఒకే కుప్పలో కలిసిపోతే, చీకటిపడే వేళ తొందరలో ఈ వల అంచును ఆ వల అంచుకు కట్టేయవచ్చు. కణంలో జరిగేదీ అదే. తెగిన చివరలు కనిపించగానే కొన్ని ప్రోటీన్లు వచ్చి వాటిని పట్టుకొని అతికించేస్తాయి. తెగిన చోట్లు చాలావరకు గంటల్లోనే, సగం వరకు తొలి గంటలోనే అతుక్కుంటాయి. కానీ ఈ పద్ధతిలో ఆ ప్రోటీన్లకు చివర దొరకడమే ముఖ్యం, అది ఎవరి చివర అన్నది అవి చూడవు. విభజనకు ముందు డీఎన్ఏ రెట్టింపైన కణంలో మాత్రం పక్కనే ఉన్న నకలును చూసి తప్పు లేకుండా రాసుకునే మరో పద్ధతి కూడా పనిచేస్తుంది. డీఎన్ఏ మరమ్మతు పద్ధతుల్లో కొన్నిటిని విప్పి చెప్పినందుకే 2015లో థామస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

రెండు వేరు వేరు క్రోమోజోములు ఒకే సమయంలో, దగ్గర దగ్గరగా తెగి చివరలు తారుమారైతే రెండు రకాల ఫలితాలు ఉంటాయి. ప్రతి క్రోమోజోముకూ నడుము వంటి ఒక నొక్కు ఉంటుంది, దాన్ని సెంట్రోమియర్ అంటారు. కణం రెండుగా విడిపోయేటప్పుడు దారాలు దాన్నే పట్టుకొని లాగుతాయి. తారుమారులో రెండు నడుములూ ఒకే ముక్కలోకి వచ్చిపడితే అది డైసెంట్రిక్, అంటే రెండు నడుముల క్రోమోజోము. మిగిలిన ముక్కకు నడుమే ఉండదు. కణం విడిపోయేటప్పుడు ఆ రెండు నడుములను రెండు వైపుల దారాలూ చెరో పక్కకు లాగితే మధ్యలో వంతెనలా సాగి తెగుతుంది, నడుము లేని ముక్కను పట్టుకునే దారమే ఉండదు కనుక అది వెనకబడి బయట చిన్న బొట్టులా మిగిలిపోతుంది. అటువంటి కణం ఒకటి రెండు విభజనలకు మించి బతకడం కష్టం. అలా కాక, తారుమారైన రెండు ముక్కలకూ ఒక్కొక్క నడుము దక్కితే దాన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. ఆ కణానికి విభజనలో ఏ ఇబ్బందీ రాదు, పైకి ఏ లోపమూ కనిపించదు, ఆ తారుమారును పిల్ల కణాలన్నిటికీ పంచుతూ ఏళ్ల తరబడి బతుకుతుంది. చూడడానికి వికారంగా ఉన్న నష్టం కణంతో పాటే పోతుంది, ఏ అలికిడీ లేని నష్టం ఒంట్లో మిగిలిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే రేడియేషన్ చేసే రెండు రకాల హానీ అర్థమవుతుంది. ఎక్కువ మోతాదులో కణాలు కుప్పలుగా చచ్చి మూలుగ ఎండిపోవడం, పేగు లోపలి పొర ఊడిపోవడం, చర్మం కాలినట్టు కావడం మొదటి రకం. బతికి మిగిలిన కణం ఏళ్ల తర్వాత క్యాన్సరుగా మారడం రెండో రకం.

ఆ రెండో రకానికి నేను వృత్తిలో ఎన్నోసార్లు చూసిన ఉదాహరణ ఒకటుంది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ ఒక రకం రక్తక్యాన్సరు రోగుల కణాల్లో మామూలు కంటే చిన్నదైన క్రోమోజోమును గుర్తించారు. అది 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం వల్ల ఏర్పడిందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసి, కణాన్ని ఆగకుండా విభజించమని చెప్పే కొత్త ప్రోటీనును తయారుచేస్తాయి. మా దగ్గరకు వచ్చిన రోగుల్లో దాదాపు అందరికీ అది ఎందుకు వచ్చిందో చెప్పగల కారణం ఏదీ లేదు, రేడియేషన్‌తో వారికి సంబంధమూ లేదు. అయితే హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బయటపడినవారిలో కొన్నేళ్లకు పెరిగిన రక్తక్యాన్సర్లలో ఈ రకం కూడా ఉంది. అలాగే 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అయోడిన్-131 కలిసిన పాలు తాగిన పిల్లల్లో వచ్చిన థైరాయిడ్ క్యాన్సర్లలో చాలావాటిలో 10వ క్రోమోజోములో ఒక ముక్క తెగి తలకిందులై అతుక్కున్నట్టు కనిపించింది.

కిరణాల వల్ల జన్యువులు మారతాయని 1927లో హెర్మన్ మల్లర్ పండ్ల ఈగల మీద చూపించారు, దానికి 1946లో నోబెల్ వచ్చింది. ట్రాడెస్కాన్షియా మొక్క మీద 1930ల చివర్లో కార్ల్ శాక్స్ చేసిన పని నాకు అంతకంటే దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆయనా మాలాగే సూక్ష్మదర్శిని ముందు కూర్చొని విరిగిన క్రోమోజోములను లెక్కపెట్టినవాడే. ఒకే చోట, ఒకే సమయంలో రెండు పోగులు తెగితేనే తారుమారు పుడుతుందని ఆ లెక్కలే నేర్పాయి. అందువల్ల ఒకే మోతాదును నిమిషంలో ఇవ్వడానికీ నెలల మీద ఇవ్వడానికీ చాలా తేడా ఉంటుంది. నెమ్మదిగా ఇస్తే మొదట తెగినది రెండోది తెగేలోపే అతుక్కుపోతుంది. కొన్ని రేడియోధార్మిక పదార్థాల నుంచి వెలువడే బరువైన ఆల్ఫా రేణువుల దారి దట్టంగా ఉంటుంది కనుక ఒక్క రేణువు దారిలోనే రెండు పోగులూ పక్కపక్కనే తెగుతాయి; వాటి విషయంలో నెమ్మది వల్ల ఒరిగేది తక్కువ.

మా పెద్దాయన గొంతుకు రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి అయిదు రోజులు, 33 సిట్టింగుల్లో 66 గ్రేలు ఇచ్చారు. ఒళ్లంతటికీ ఒక్కసారి 4 గ్రేలు తగిలితే సగం మంది బతకరని పైన రాశాను. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒళ్లంతటికీ ఇవ్వలేదు, గొంతుకే గురిపెట్టారు. ఒక్కసారి ఇవ్వలేదు, చుట్టూ ఉన్న మంచి కణాలు రాత్రికి రాత్రి మరమ్మతు చేసుకోవడానికి మధ్యలో వ్యవధి ఇచ్చారు, మరమ్మతు సరిగా చేసుకోలేని క్యాన్సరు కణాలు రోజురోజుకూ విరిగిన క్రోమోజోములతో విభజనకు దిగి చచ్చాయి. వ్యాధిని కలిగించగల దెబ్బనే వ్యాధి మీదకు తిప్పి కొట్టడం ఈ చికిత్స. దాన్ని నిలబడి భరించిన మనిషిని చూసి మనం మెట్లెక్కిపోతున్నాం.

ఇక భయపడవలసిన చోటు గురించి. ఈ ఊరు ఓడలూ ఉక్కూ గొట్టాలూ ట్యాంకులూ తయారుచేసే ఊరు. వెల్డింగ్ అతుకు లోపల పగులు ఉందో లేదో చూడడానికి ఇరిడియం-192 వంటి సోర్సుతో, అంటే గామా కిరణాలు వెలువరించే చిన్న ముక్కతో, ఫిల్ము తీస్తారు; మనుషులు లేని రాత్రివేళ, చుట్టూ తాడు కట్టి తీయాలి. చాలా ఏళ్ల క్రితం ఒక కాంట్రాక్టరు దగ్గర హెల్పరుగా పనిచేసే ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి డాక్టరు మా దగ్గరకు పంపారు. సోర్సు గొట్టంలో ఇరుక్కుపోతే చేత్తో సరిచేయబోయాడట. కుడిచేతి మూడు వేళ్ల కొసలు మొదట ఎర్రబడి, రెండు మూడు వారాలకు బొబ్బలెక్కాయి. మోతాదు కొలిచే బ్యాడ్జి ఏదని అడిగితే ఆఫీసు బీరువాలో ఉందన్నాడు, పాడవుతుందని అక్కడే ఉంచమన్నారట. ఒంటి మీద లేని బ్యాడ్జి ఒంటికి తగిలిన మోతాదు చెప్పదు. ఇక అతని రక్తమే చెప్పాలి.

ఆ పని ఎలా చేస్తామో రాస్తాను, ఎందుకంటే చదువరులకు తెలిసిన వస్తువులే అందులో ఉన్నాయి. రక్తంలోని తెల్లకణాల్లో లింఫోసైట్లు మామూలుగా విభజన చెందకుండా నిద్రలో ఉన్నట్టు తిరుగుతుంటాయి. ఒళ్లంతా తిరిగే ఆ కణాలు ఒంటికి తగిలిన దెబ్బను అలాగే మోసుకు తిరుగుతాయి. వాటిని నిద్ర లేపడానికి రాజ్మా గింజల నుంచి తీసిన ఒక ప్రోటీనును కలిపి 37 డిగ్రీల వేడిలో 48 గంటలు పెంచుతాం. విభజన మధ్యలో ఆపడానికి కోల్చిసిన్ జాతి మందు వేస్తాం. మన పల్లెల కంచెల మీద ఎర్రగా పసుప్పచ్చగా పూసే అడవినాభి తీగ దుంపలోనూ గింజలోనూ ఉండే విషమే కోల్చిసిన్. తరువాత పలచని ఉప్పునీటిలో కణాలను ఉబ్బించి, మిథనాలూ ఎసిటిక్ ఆమ్లమూ కలిపిన ద్రవంలో కడిగి, చల్లని తడి స్లయిడు మీద కొంత ఎత్తు నుంచి ఒక్కొక్క చుక్క వదులుతాం. చుక్క పడిన చోట నీరు పక్కకు జరిగి వలయంలా విచ్చుకుంటుంది. ఆరాక రంగు వేసి చూస్తే ఊదారంగు క్రోమోజోములు చెల్లాచెదురుగా పరిచిన గవ్వల్లా కనిపిస్తాయి. వాటిలో రెండు నొక్కులున్నదాన్ని, దాని పక్కనే ఎక్కడో పడి ఉన్న నడుము లేని ముక్కను వెతకాలి.

కిరణాల జోలికి పోని మనిషిలో అటువంటిది వెయ్యి కణాల్లో ఒకటి ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఒళ్లంతటికీ ఒక గ్రే తగిలితే వంద కణాల్లో ఆరు నుంచి పది దాకా, 4 గ్రేలు తగిలితే సగటున కణానికి ఒకటి చొప్పున కనిపిస్తాయి. 0.1 గ్రే కంటే తక్కువైతే ఈ పరీక్ష గట్టిగా చెప్పలేదు. నేనూ నా సహోద్యోగీ పది రోజులు కూర్చొని ఆ కుర్రవాడివి వెయ్యి కణాలు చూశాం. మొత్తం 11 దొరికాయి. అచ్చయిన ప్రామాణిక రేఖలతో పోల్చి చూస్తే ఒళ్లంతటికీ కలిపి సుమారు పావు గ్రే పైన తగిలిందని డాక్టరుకు రాసిచ్చాం. వేళ్లకు తగిలింది అంతకు ఎన్నో రెట్లు, అది రక్తంలో కనిపించదు. రిపోర్టు తీసుకోవడానికి వాళ్లమ్మ వచ్చింది. ఆమె అడిగింది ఒకటే: "బాబూ, ఆడికి పిల్లలు పుడతారా, బాగుంటారా?" పుడతారమ్మా, బాగుంటారు, కొన్ని నెలలు ఆగమని చెప్పండి అన్నాను. అది ఓదార్పు కోసం చెప్పిన మాట కాదు. హిరోషిమా, నాగసాకిల నుంచి బయటపడిన తల్లిదండ్రులకు ఆ తర్వాత కడుపున పడిన వేలాది పిల్లలను దశాబ్దాలుగా పరిశీలించినా వంశపారంపర్య లోపాలు పెరిగినట్టు కనబడలేదు. ఈగల్లో, ఎలుకల్లో కనిపించినది మనుషుల్లో కనబడేంతగా లేదు. బాంబు పడేనాటికే కడుపులో ఉన్న పిల్లల సంగతి వేరు. ముఖ్యంగా 8 నుంచి 15 వారాల మధ్య ఎక్కువ మోతాదు తగిలినవారిలో మెదడు ఎదుగుదల దెబ్బతింది.

ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో 2010 ఏప్రిల్లో జరిగింది కూడా మనం మరచిపోకూడదు. పాత సామాను కింద వేలంలో అమ్మేసిన ఒక యంత్రంలోని కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహాన్ని ఏమిటో తెలియక విప్పితే పలువురికి తీవ్రంగా తగిలి ఒకరు చనిపోయారు. తుక్కు ఉన్న ప్రతి పారిశ్రామిక నగరానికీ ఆ ప్రమాదం ఉంది. రేడియేషన్ ఉందని హెచ్చరించే మూడు రేకుల పసుపు గుర్తును తుక్కు కొట్టు కూలీకి ఎవరైనా ఎప్పుడైనా చూపించారా?

దీనితో పోల్చితే ఉదయం నడకలో నన్ను అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. భీమిలి తీరపు నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, అందులో రేడియోధార్మిక థోరియం ఉన్నాయి కదా, అక్కడ నడిస్తే క్యాన్సరు వస్తుందా అంటారు. అంతకంటే ఎంతో ఎక్కువ మోనజైట్ ఉన్న కేరళ తీరంలో జనం తరతరాలుగా కాపురముంటున్నారు. అక్కడ పుట్టిన వేలాది శిశువుల బొడ్డుతాడు రక్తంలో క్రోమోజోములను మన శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చూస్తున్నారు, మామూలు ప్రాంతాల శిశువులతో పోల్చితే లోపాలు పెరిగినట్టు తేలలేదు. నెమ్మదిగా అందే మోతాదుకు మరమ్మతు తోడుంటుందని పైన చెప్పినది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. సెల్ టవరు గురించీ అడుగుతారు. ఆ తరంగంలో ఒక్కొక్క శక్తి పొట్లం, ఎలక్ట్రానును ఊడగొట్టడానికి కావలసిన దానిలో పది లక్షల వంతు స్థాయిలో ఉంటుంది; అది క్రోమోజోమును విరవలేదు.

మరో గందరగోళం మన మాటలోనే ఉంది. అల్ట్రాసౌండునూ ఎంఆర్ఐనీ సీటీనీ అన్నిటినీ కలిపి మనం స్కానింగ్ అనేస్తాం. మొదటి రెంటిలో ఇటువంటి కిరణాలు లేవు, గర్భిణికి తీసే స్కానింగ్ శబ్దతరంగంతో తీసేది. సీటీలో ఉన్నాయి. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదానితో అందేది సుమారు 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకంటే తక్కువ. (మిల్లీసీవర్టు ఒంటి మీద కిరణాల ప్రభావాన్ని కొలిచే ప్రమాణం; ఒళ్లంతటికీ ఒక గ్రే ఎక్స్‌రేలు తగిలితే అది వెయ్యి మిల్లీసీవర్టులు.) పొట్ట సీటీతో అందేది 8 నుంచి 10 మిల్లీసీవర్టులు. భూమి నుంచీ ఆకాశం నుంచీ తినే తిండి నుంచీ ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి అందేది సుమారు 2.4 మిల్లీసీవర్టులు. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినవారికి సీటీ ప్రాణం కాపాడుతుంది, అప్పుడు వెనకాడడం తప్పు. కణాలు వేగంగా విభజన చెందే వయసు పిల్లలకు మాత్రం, ముందు తీసిన ఫిల్ము ఉందా, వేరే పరీక్షతో సరిపోతుందా అని డాక్టరును అడిగి తీయించుకోవడం తల్లిదండ్రుల హక్కు.

కాబట్టి మీ పత్రికకు నా విన్నపం ఇది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ప్రతిపాదించిన అణువిద్యుత్ కేంద్రం గురించి రాసినా, ఎక్కడో సోర్సు పోయిందని రాసినా, కొత్త క్యాన్సరు ఆసుపత్రి గురించి రాసినా, అనుకూలంగా రాసినా వ్యతిరేకంగా రాసినా, మోతాదును మిల్లీసీవర్టుల్లోనో గ్రేల్లోనో అచ్చు వేయండి. పక్కనే ప్రకృతి నుంచి వచ్చే 2.4నూ, ఈ పనిలో ఉన్నవారికి మన దేశం విధించిన పరిమితిని, అంటే అయిదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించరాదన్న దాన్నీ వేయండి. ఒళ్లంతటికా, ఒక భాగానికా, నిమిషాల్లోనా, ఏళ్లలోనా అన్నది రాయండి. అధికారులు మోతాదు చెప్పకపోతే, చెప్పలేదని రాయండి.

ఆ కుర్రవాడి కణాల స్లయిడు ఒకటి, పేరు లేకుండా అంకె మాత్రమే ఉన్నది, ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది. రంగు కొంచెం వెలిసింది కానీ రెండు నడుముల క్రోమోజోము స్పష్టంగా కనిపిస్తుంది. మీ విలేకరులు ఎవరైనా వస్తానంటే, పాత సూక్ష్మదర్శిని ఇంట్లోనే ఉంది, ఏ ఆదివారం ఉదయమైనా చూపిస్తాను.

భవదీయుడు,
ప్రయోగశాల విశ్రాంత ఉద్యోగి,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం